చిన్నమ్మిని ఇంట్లో వదిలిన ఆదివారం

కొరాపుట్‌లో యూనిస్ సిస్టర్ చేపల బజారుకు వెళ్లినా వీపున సంచి దిగదు. అందులో ఏముందో ఊరందరికీ తెలుసు. ఆమె కొండ సైకిలుకు రెండో బ్యాటరీ. ఇంటి నుంచి బజారు కేకవేటు దూరం. ఆ మాత్రం దూరానికి సైకిల్లో ఉన్న బ్యాటరీయే ఎక్కువ. అయినా అరవై దాటిన మనిషి, మోకాళ్లు అరిగిన మనిషి, ఆ బరువును వీపునేసుకుని వచ్చి బేరమాడుతుంది.

"చేపలకి భీమిలి దాకా పోతన్నారేటి సిస్టర్?" అంటాడు చేపలతను.

"నీ చేప కళ్లు చూస్తే పోవాలనే ఉంది" అంటుంది ఆమె.

ఆ బ్యాటరీ మూడున్నర కిలోలు. ముప్పై ఏడేళ్లు కాన్పుల గదిలో నర్సుగా పని చేసిన యూనిస్‌కు ఆ లెక్క తూకం రాయి లేకుండానే తెలిసింది. మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, "మంచి బిడ్డే" అంది.

కొండ మీద బతికేవాళ్లకు రెండోది మోసుకెళ్లడం కొత్తేమీ కాదు. పోడుకు వెళ్లే కొండజాతి దేశియా ఆడమనిషి పొద్దున్న కడుపునిండా అంబలి తాగాకే ఇల్లు కదులుతుంది. అయినా భుజాన సొరబుర్రలో ఇంకో కడుపుకు సరిపడా అంబలి వేలాడుతూ ఉంటుంది. సముద్రం మీద తిరిగేవాళ్లు మంచినీళ్ల పీపాలు మోశారు. ఎడారిలో తిరిగేవాళ్లు ఎక్కని ఒంటెను కూడా వెంట నడిపించారు. రాజుల సంగతి వేరు. నందపూర్‌లో ముప్పైరెండు మెట్ల సింహాసనమని చూపించే రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద కూర్చున్న వంశం వాటిని అక్కడే వదిలేసి జయపురం దిగిపోయింది. సింహాసనాన్నే వదిలేయగలిగినవాళ్లకు సొరబుర్రతో పనేముంది? మోసుకెళ్లాల్సింది మళ్లీ అదే దారిన ఇంటికి రావాల్సినవాళ్లు.

యూనిస్ అలాంటి మనిషే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆమె కొండ ఊళ్లన్నీ నడిచి తిరిగింది. మోకాళ్లు పోయాక ఇంటి గుమ్మంలో కూర్చుని కొండల్ని చూడటం తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు దొరికింది ఆ సైకిలు. దేవమాలి కొండ దిగువన ఎవరో కుర్రాళ్లు టూరిస్టుల కోసం గుడారాలు వేసి, బ్యాటరీతో నడిచే కొండ సైకిళ్లు తెప్పించారు. రెండు వానాకాలాలకు గుడారాలు చిరిగిపోయాయి, కుర్రాళ్లు ఎటో పోయారు, సైకిళ్లు బిశ్వజిత్ రిపేరు షాపులో గోడకు చేరగిలబడ్డాయి. వాటిలో ఒకదాన్ని యూనిస్ తెచ్చుకుంది. అది స్కూటరు కాదు, తొక్కితేనే కదులుతుంది. కాకపోతే తొక్కే కాలికి ఇంకెవరిదో కాలు వెనక నుంచి తోడొచ్చినట్టు ఉంటుంది. మొదటి రోజు దాని మీద సునాబేడ దాకా వెళ్లి వచ్చి ఆమె రాత్రంతా నిద్రపోలేదు. కాళ్లు నొప్పి పెట్టలేదు మరి.

దానికి వెనక క్యారేజీ లేదు. వెనక చక్రం స్ప్రింగు మీద ఊగుతుంది గనక బిగించడానికీ కుదరదు. పైగా రాళ్ల దారిలో బ్యాటరీ అదిరితే లోపలి అతుకులు వదులవుతాయి. అందుకని రెండోది మనిషి వీపునే ఎక్కాలి, మెత్తలు కుట్టిన సంచిలో. వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి. యూనిస్ వాటికి పెద్దమ్మి, చిన్నమ్మి అని పేర్లు పెట్టింది. పెద్దమ్మి ఎప్పుడూ సైకిల్లో ఉంటుంది. అది అలిసిపోయాకే చిన్నమ్మి సంచిలోంచి దిగుతుంది.

"సిస్టర్, ఒకసారి ఇది, ఒకసారి అది మార్చి పెట్టండి" అన్నాడు బిశ్వజిత్, ఒడియా యాసలో వచ్చీరాని తెలుగుతో. "ఒకదాన్నే కష్టపెడితే అది తొందరగా ముసలిదవుతుంది."

"పెద్దది పనికి పోవాలి, చిన్నది ఇంటికి తేవాలి. మా ఇంట్లో అలాగే జరిగింది నాయనా."

నిజమే. ఆ ఇంట్లో పెద్దది ఆమే. ఆమె జీతం మీద తమ్ముళ్లిద్దరూ చదువుకున్నారు. ఆమె పెళ్లి సంగతి ఎత్తడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

ఇంకో అలవాటు కూడా ఆ ఇంటి నుంచే వచ్చింది. యూనిస్ తండ్రి అమృతరావు సముద్రం ఒడ్డు నుంచి కొండెక్కి వచ్చిన సువార్తికుడు. మంచాన పడి గుడికి రాలేని విశ్వాసులకు క్రీస్తు చివరి విందు గుర్తుగా పంచే ప్రభు బల్లను తీసుకెళ్లడం ఆయన పని. రొట్టె, ద్రాక్షరసం సీసా, వేలెడంత గ్లాసులు పట్టే టేకు పెట్టె ఒకటి ఉండేది. దాన్ని ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని నడిచేవాడు. దానితో ఇంకేదీ కలిపేవాడు కాదు. గొడుగైనా, చెప్పులైనా, దారి తిండైనా ఇంకొకరి చేతిలో ఉండాల్సిందే. ఆ నియమం ఏ సంఘమూ రాయలేదు, ఏ పాస్టరూ చెప్పలేదు. అమృతరావు పాటించాడు. ఆయన పోయాక సంఘపెద్ద అయిన కూతురూ పాటించింది. నెలలో మొదటి ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చేసి పెట్టె చేతికిస్తే, అప్పట్లో ఊళ్లోని ముసలివాళ్ల ఇళ్లకు నడిచే వెళ్లేది, పెట్టెను రెండు చేతులా పట్టుకుని.

ఇక ఆనీ సంగతి చెప్పాలి.

ఆనీ నర్సు శిక్షణకు వచ్చినప్పుడు హాస్టల్లో యూనిస్ గదిలో మంచం ఇచ్చారు. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు ఇద్దరిదీ ఒకే గది, ఒకే కొబ్బరినూనె సీసా. ఒకరు 'అక్కా' అంటే ఇంకొకరు 'అమ్మీ' అనేవారు. ఆనీకి నలభై దగ్గరపడుతుండగా వార్డుకు సూర్యారావు అనే రైతు వచ్చాడు. భార్య చనిపోయినవాడు, గునుపూర్ వైపు మనిషి, శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన కుటుంబం. జ్వరంతో ఉన్న కూతురు వీణను ఎత్తుకొచ్చాడు. పిల్ల కోలుకుంది గాని సూర్యారావు రావడం మానలేదు. ఓసారి వంకాయలు, ఓసారి అల్లం, ఓసారి ఏమీ లేకుండానే. ఆయన హిందువు, మతం మారనన్నాడు. ఆనీ సంఘాన్ని వదలనంది. ఇద్దరూ రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు.

సంఘ కమిటీ కూర్చుంది. అందరికంటే దగ్గరిదని యూనిస్‌ను అడిగారు. ఆమె కొంగు సర్దుకుని లేచి ఒక్క మాట అంది.

"బల్ల శుభ్రంగా ఉండాలి."

కోపంతో అనలేదు. తండ్రి చెప్పుల్ని పెట్టెకు దూరంగా పెట్టినంత మామూలుగా అంది. ఆ మాట మీద ఆనీని ఏడాది పాటు బల్ల నుంచి ఆపారు. ఏడాది గడిచాక రమ్మన్నారు. ఆనీ వచ్చింది. ప్రతి నెలా వచ్చింది, వెనక చాప మీద కూర్చుంది, పాటలన్నీ పాడింది. పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం రొట్టె ముట్టకుండా, గ్లాసు ఎత్తకుండా పక్కవాళ్లకు అందించేది. కోపం లేదు, ముఖం తిప్పుకోవడం లేదు. పళ్లెం తెచ్చే చెయ్యి యూనిస్‌ది. ఏళ్ల తరబడి ఆ చెయ్యి ఆనీ ముందు ఒక క్షణం ఎక్కువసేపు ఆగేది. ఎంత ఆగినా ఆనీ పళ్లేన్ని దాటించేది.

సూర్యారావు మాత్రం మొదటి రోజు నుంచీ యూనిస్‌ను "వదినా" అనే పిలిచాడు. ఆమె ఆయన్ని "సూర్యారావుగారూ" అనేది. మరిది అన్న మాట నోటిదాకా వచ్చేది కాదు.

ఆనీ రిటైరయ్యాక వాళ్లు నందపూర్ దగ్గర ఓ పల్లెకు వెళ్లిపోయారు. అక్కడ సూర్యారావు అల్లం వేయడానికి భూమి కౌలుకు తీసుకున్నాడు. నిరుటి వానల్లో ఆనీకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాటలు రాలిపోయి నాలుగైదే మిగిలాయి. ఆ కబురు విన్న వారమే యూనిస్ చిన్నమ్మిని వీపునేసుకుని బయలుదేరింది. తర్వాత వారం వారం వెళ్లింది. బీపీ చూసేది, పడిపోయిన చేతి వేళ్లు ఒక్కొక్కటే వంచి చాపేది. ఆనీ ఎడమ చేత్తో ఆమె సంచి తడిమి నవ్వేది. "చిన్నమ్మే. నిద్రపోతోంది" అనేది యూనిస్. బల్ల మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఆనీ దగ్గర మాటలు లేవు. యూనిస్ దగ్గర ఉన్నాయి.

కొత్త సంవత్సరం వచ్చిన వారంలో సూర్యారావు ఫోన్ చేశాడు.

"వదినా, ఆదోరం వీణ జీపు తెస్తాది. గునుపూరు తీసుకెల్లిపోతన్నాం. నానొక్కడ్నీ దీన్ని లేపి కూకోబెట్టలేకపోతన్నాను."

"మంచిదే. కూతురి దగ్గరుంటే మీకూ కాస్త ఊపిరాడతాది."

"అది కాదు. ఆనీ 'బల్ల' అన్నాది. మళ్లీ 'అక్క' అన్నాది. పాస్టరుగార్ని పిలమంటావా అంటే తలకాయ అడ్డంగా ఊపింది. నువ్వే తేవాలట."

యూనిస్ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"వినపడతాందా వదినా?"

"వినపడింది. మొదటి ఆదివారమే కదా. ఆరాధన అవగానే వస్తాను."

"మూడింటికల్లా బండి కదలాలంటన్నాడు డ్రైవరు. మంచు దిగక ముందే ఘాట్ దాటాలట."

ఆ ఆదివారం ఆరాధన మామూలు కంటే ఆలస్యంగా ముగిసింది. కొత్త సంవత్సరం గదా, ప్రతి ఇంటివాళ్లూ లేచి సాక్ష్యం చెప్పుకున్నారు. యూనిస్ పెట్టెతో ఇంటికి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కుతోంది. సంచి తీసింది. అందులో అలవాటు ప్రకారం చిన్నమ్మి పడుకుని ఉంది, నిండా ఛార్జింగుతో.

సంచి ఒక్కటే. పెట్టెను హ్యాండిలుకు కడితే రసం సీసా అదురుతుంది. రెండు సంచులు ఒక వీపు మీద నిలవవు. రెండింటినీ ఒకే సంచిలో సర్దితే చోటు సరిగ్గా సరిపోయేది. అది ఆమె చూసింది కూడా. బ్యాటరీ అడుగున, దాని మీద తువ్వాలు, దాని మీద పెట్టె. చేతులు అంతవరకూ వెళ్లి ఆగాయి. నల్లటి ఆ ప్లాస్టిక్ దిమ్మను బిశ్వజిత్ గ్రీజు చేతులు ముట్టాయి, చేపల సంచులు ఆనుకున్నాయి, కొండదారుల దుమ్మంతా దాని మూలల్లో ఉంది. నెత్తిన పెట్టెతో ఉత్త కాళ్లతో నడిచే తండ్రి గుర్తొచ్చాడు. అన్నిటికీ మించి, ఇది ఆనీకి ఇచ్చే బల్ల. ఇన్నేళ్లకు ఇచ్చేది మచ్చలేకుండా ఇవ్వాలి.

చిన్నమ్మిని తీసి మంచం మీద పెట్టింది. "ఒక్క రోజుకి" అని దానికి చెప్పింది కూడా. పెద్దమ్మి నందపూర్ దాకా తేలిగ్గా లాగుతుంది. ఆనీ పక్కింటి రామలక్ష్మి ఇంట్లో ఛార్జింగు పెట్టుకుని పొద్దున్నే తిరిగి రావచ్చు. లెక్క సరైనదే, రెండేళ్ల కిందటి పెద్దమ్మికి. ఆ ఒక్క రోజుకైనా చిన్నమ్మిని సైకిలుకు పెట్టి పెద్దమ్మిని ఇంట్లో వదలొచ్చన్న ఆలోచన ఆమెకు రాలేదు. పనికి పోయేది పెద్దదే గదా.

సెమిలిగుడ దాటాక రోడ్డు పనులు. తవ్విన మట్టి, కంకర లారీలు, ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములోంచి పెట్టెను తీసుకెళ్లడం ఇష్టంలేక ఆమె ఎడమకు తిరిగి కొండ అంచున వెళ్లే పల్లెదారి పట్టింది. తెలిసిన దారే. కాకపోతే ఎక్కుడు ఎక్కువ, చలిగాలి ఎదురు. టైము మించిపోతోందని మోటారు సాయం పెంచే మీటను పైదాకా నొక్కి తొక్కింది. తెర మీద ఛార్జింగు గీతలు ఒకటొకటిగా పడిపోయాయి. చలికి బ్యాటరీలూ ముసలివాళ్లలాగే ముడుచుకుపోతాయి. అసలే అరిగిన పెద్దమ్మి సగం ఎక్కుడులో ఒక్కసారి మూలిగినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది.

బ్యాటరీ చచ్చిన కొండ సైకిలును ఎత్తుకు తోయడమంటే మొరాయించిన దూడను తోయడమే. నాలుగడుగులు, ఆగడం. మళ్లీ నాలుగడుగులు. అది బండి తిరగని దారి, ఫోను పలకని లోయ. వీపు మాత్రం ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉంది. ఆ తేలికే ఆమెకు భరించరానిదైంది. కట్టెల మోపుతో దిగుతున్న ఓ దేశియా ఆడమనిషి ఆమెను చూసి మోపు దించింది. ఏమీ అడక్కుండా సొరబుర్ర వంచి ఆకుదొన్నెలో అంబలి పోసింది. తాగే దాకా నిలబడి, ఆ తర్వాత సీటు వెనక చెయ్యేసి మలుపు దాకా తోసింది.

మలుపు మీద నుంచి దూరంగా తారురోడ్డు కనిపించింది. లారీల మధ్య ఓ తెల్ల జీపు సెమిలిగుడ వైపు పోతోంది. పైన మంచం కట్టి, నీలం టార్పాలిన్ కప్పారు. ఎవరో ఇల్లు మారుతున్నారు పాపం, ఈ చలిలో, అనుకుంది యూనిస్. అనుకుని మళ్లీ సైకిలు తోసింది.

గట్టెక్కాక ఫోను ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టింది. అందకుండా పోయిన కాల్స్ అన్నీ సూర్యారావువే. తిరిగి చేస్తే అందుబాటులో లేరంది.

ఇంటికి తాళం వేసి ఉంది. అరుగు మీద పీట, పీట మీద తెల్లగుడ్డ. గుడ్డ ఎగిరిపోకుండా నాలుగు మూలలా అల్లం కొమ్ములు పెట్టి ఉన్నాయి. పక్కింటి రామలక్ష్మి పిడకల చేతులు కడుక్కుంటూ బయటికి వచ్చింది.

"ఇప్పుడొచ్చేవా సిస్టరమ్మా. ఎల్లిపోనారు. డ్రైవరు గోల సేసేడు. సూర్యారావు బతిమాలుకున్నాడు, ఇంకొంచెం, ఇంకొంచెమని. మంచం మీద నీలం బరకం కట్టినాక కూడా ఆపేడు."

యూనిస్ సైకిలును అరుగుకు ఆనించింది. నీలం అన్న మాటకు మలుపు మీంచి చూసిన జీపు గుర్తొచ్చింది.

"ఆ గుడ్డ?"

"ఆవిడే పరిపించింది. బండెక్కించేటప్పుడు నాను తీసేద్దామంటే ఎడం సెయ్యి అడ్డం పెట్టింది. 'అక్క' అన్నాది. అక్కొస్తాదిలే అని ఊరుకోబెట్టేం." రామలక్ష్మి సైకిలు వంకా సంచి వంకా చూసింది. "ఎప్పుడూ ఈపు మీద ఇంకోటుంటాది గదా. అదేది?"

"ఇంట్లో ఉంది."

"నేకుండా ఎందుకొచ్చేవు? దూరాబారం."

"పెట్టెలో ప్రభువుది ఉంది. దానితో కలపకూడదని."

రామలక్ష్మి తడి చేతులు చీరకు తుడుచుకుంది. ఎత్తిపొడవాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"బేటరీ మైలేటి? మీకు మైలు నేదంటారు గదా సిస్టరమ్మా. మా ఇంట్లో మంచినీల్లు తాగుతారు, అన్నం తింటారు. మరి మీ దేవుడికి మాత్రం ఉంటాదా?"

యూనిస్‌కు వినపడింది రామలక్ష్మి గొంతు కాదు. కమిటీ గదిలో కొంగు సర్దుకుని లేచిన తన గొంతే.

రామలక్ష్మి కాఫీ తెచ్చి చేతికిచ్చి, పెద్దమ్మిని లోపలికి తీసుకెళ్లి బియ్యం డబ్బా పక్కన ఛార్జింగు పెట్టింది. యూనిస్ పీట ముందు కూర్చుని పెట్టె విప్పింది. ఒకసారి ప్రార్థన చేసిన రొట్టెను వెనక్కి తీసుకెళ్లే ఆచారం లేదు. ఇవ్వాల్సిన మనిషి లేకపోతే తెచ్చినవాళ్లే తీసుకోవాలి. ఆమె రొట్టె చేతిలోకి తీసుకుంది. నోటిదాకా తేలేకపోయింది. ఇంటి వెనక అల్లం మడిలో చేత్తో మట్టి తవ్వి, రొట్టె పెట్టి, రసం పోసి, కప్పేసింది. తెల్లగుడ్డ మడిచి దాచుకుంది.

గునుపూర్ వెళ్లడానికి రెండు వారాలు పట్టింది. సూర్యారావు ఫోనులో ఏదీ దాచలేదు. బండి దిగిన మూడో రోజే ఆనీకి రెండోసారి పక్షవాతం వచ్చింది. రాయగడ ఆసుపత్రిలో చూపించి ఇంటికి తెచ్చారు. యూనిస్ పాస్టరుగారితో మళ్లీ ప్రార్థన చేయించిన పెట్టెను ఒళ్లో పెట్టుకుని రాయగడ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు ఎక్కింది. రెండో బస్సులో పక్కన కూర్చున్నావిడ కోళ్ల బుట్టను పెట్టెకు ఆనించి నిద్రపోయింది. యూనిస్ కదపలేదు.

ఆనీ కళ్లు తెరిచే ఉంది. యూనిస్ ముఖం మీద నుంచి ఆ కళ్లు గోడ మీదికి, గోడ మీద నుంచి కిటికీకి వెళ్లాయి.

"ఆ ఆదోరం దానికి అన్నీ తెలుస్తన్నాయి వదినా" అన్నాడు సూర్యారావు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని యూనిస్‌కు అనిపించింది. "దారంతా ఎనక్కి సూసింది."

ఆమె నందపూర్ నుంచి తెచ్చిన తెల్లగుడ్డనే పరిచింది. రొట్టె చిన్న ముక్క రసంలో ముంచి పెదాల దగ్గర పెట్టింది. ఆనీ నోరు తెరిచింది. ముప్పై ఏళ్లు వేరేవాళ్ల నోళ్లలో మాత్రలు వేసిన మనిషి, తనకు మాత్ర వేస్తే ఎలా తెరవాలో అలాగే తెరిచింది. మింగింది. పెదవి చివర రసం కారితే యూనిస్ కొంగుతో తుడిచింది.

"ఎవరిచ్చేరో తెలిసిందా అమ్మీ?"

ఆనీ కిటికీలోకి చూస్తూనే ఉంది.

"తెలిసే ఉంటాదిలే" అన్నాడు సూర్యారావు.

"తెలీలేదు మరిదీ" అంది యూనిస్.

సూర్యారావు తలెత్తి ఆమె వంక చూశాడు. ఇరవై ఏళ్లుగా రాని పిలుపు అది. మంచం మీద మనిషి మాత్రం వినలేదు.

ఇప్పుడు యూనిస్ చిన్నమ్మి లేకుండా గుమ్మం దిగదు. ఓ రోజు పెద్దమ్మి, ఓ రోజు చిన్నమ్మి సైకిలుకెక్కుతున్నాయి. రెండోది సంచిలో ఉంటుంది. నెల మొదటి ఆదివారం గుడి మెట్ల మీదే సంచి తెరిచి, అడుగున బ్యాటరీ, దాని మీద తువ్వాలు, దాని మీద పెట్టె పెడుతుంది. అందరూ చూస్తారు. పాస్టరుగారి భార్య ఓసారి అడిగింది, "అదేటి సిస్టర్, రెండూ కలిపేసేరు?" అని.

"చోటు సరిపోతుందమ్మా" అంది యూనిస్. "మొదట్నుంచీ సరిపోతుంది."

ఆ పెట్టెతో ఆమె పొట్టంగి వైపు ముసలివాళ్ల దగ్గరికీ, నందపూర్ దారిలో మంచాన పడ్డవాళ్ల దగ్గరికీ వెళ్లి వస్తోంది. ఎక్కడా ఆలస్యం కాలేదు. గుడిలో మాత్రం పళ్లెం అందరికీ అందించాక, చివర ఆమె వంతు వస్తుంది. రొట్టె ముట్టకుండా, గ్లాసు ఎత్తకుండా ఆమె పళ్లేన్ని పాస్టరుగారికి తిరిగి అందిస్తుంది. ఆయన మొదటి నెల ఒక క్షణం ఎక్కువసేపు పళ్లెం పట్టుకుని ఆగాడు. ఇప్పుడు ఆగడం లేదు.